ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ - లైసెన్సు షరతులు



పోయినేడు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు డిగ్రీ చదివే తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఓపెన్ సోర్స్ అంటే ఫ్రీయే కదా, మళ్లీ లైసెన్సు దేనికి?" భోజనాల గంట కొట్టేశారు, సరిగా చెప్పలేకపోయాను. ఆ బాకీ ఇక్కడ తీరుస్తున్నాను.

కథ రాసినవారికి కథ మీద హక్కు ఉన్నట్టే, కోడ్ రాసినవారికి దాని మీద కాపీరైట్ ఉంటుంది. నెట్‌లో పెట్టినంత మాత్రాన ఆ హక్కు పోదు. "మీరు వాడుకోండి, మార్చుకోండి" అని రాసిచ్చే అనుమతి పత్రమే లైసెన్సు. అసలు లైసెన్సే లేని కోడ్ కనిపిస్తే, అది అందరిదీ అనుకోకండి. అనుమతి లేదని అర్థం.

మన హాస్టల్‌లో సీనియర్ల నోట్సు సంగతి గుర్తుందా? ఒక అన్న "రాసుకో, నా పేరు మాత్రం కొట్టేయకు" అనేవాడు. ఎం.ఐ.టి. లైసెన్సు అలాంటిది. కాపీరైట్ వరుస, లైసెన్సు పాఠం ఉంచితే చాలు. ఇంకో అన్న "రాసుకో, కానీ నీ జూనియర్‌కి ఇచ్చేటప్పుడు నువ్వు కలిపినవి కూడా ఇవ్వాలి, వాడూ అలాగే ఇవ్వాలి" అనేవాడు. ఇది జి.పి.ఎల్. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ రాసినది. దాని రెండో వెర్షన్ 1991లో వచ్చింది. లైనక్స్ కెర్నల్ నేటికీ దాని కిందే ఉంది.

జి.పి.ఎల్. ప్రోగ్రాంను అమ్ముకోవచ్చు, తప్పులేదు. మీ ఇంట్లో, మీ ఆఫీసులో మార్చి వాడుకుంటే ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు. బయటివారికి ఇచ్చినప్పుడే బాధ్యత మొదలవుతుంది. వారికి సోర్స్ కోడ్, దాన్ని కంపైల్ చేసే స్క్రిప్టులతో సహా, అదే లైసెన్సు కింద అందాలి.

పెద్ద కంపెనీలు కూడా ఇక్కడ తప్పటడుగు వేశాయి. లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యు.ఆర్.టి.54జి అనే వైఫై రూటర్ అమ్మింది. దాని లోపల లైనక్స్ ఉందని, సోర్స్ ఇవ్వలేదని 2003లో ప్రోగ్రామర్లు పట్టుకున్నారు. ఆ ఏడే లింక్‌సిస్‌ను కొన్న సిస్కో చివరికి కోడ్ విడుదల చేసింది. ఆ కోడ్ ఆధారంగానే 2004లో ఓపెన్‌డబ్ల్యు.ఆర్.టి. మొదలైంది. ఈనాటికీ ఎన్నో పాత రూటర్లు దానితో కొత్త జీవితం పొందుతున్నాయి. అయినా షరతులు పూర్తిగా పాటించడం లేదని 2008 డిసెంబరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ సిస్కోపై కోర్టుకెక్కింది. 2009 మేలో రాజీ కుదిరింది.

నాకు మాత్రం ఇదంతా చదివి తెలియలేదు, దెబ్బ తిని తెలిసింది. మొదటి ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో. బిల్లింగ్ ప్రోగ్రాంకి బిల్లు ప్రింటు తీసే భాగం కావాలి. నెట్‌లో దొరికిన జి.పి.ఎల్. కోడ్ తెచ్చి కలిపాను. పైనున్న పేరు, లైసెన్సు వరుసలు "చెత్తగా ఉన్నాయి" అని తీసేశాను. కొనేవారు డబ్బు కట్టేముందు కోడ్ తనిఖీ చేయించారు, దొరికిపోయాను. మాకు రెండే దారులు: మొత్తం ప్రోగ్రాం సోర్స్ జి.పి.ఎల్. కింద వారికివ్వడం, లేదా ఆ భాగం తీసేసి సొంతంగా రాయడం. యజమాని రెండోదే అన్నాడు. మూడు వారాలు రాత్రుళ్లు కూర్చున్నాను. కంపెనీకి డబ్బు ఆలస్యమైంది, మా జీతాలూ ఆగాయి. ఆ నెల అమ్మకు డబ్బు పంపలేకపోయాను. తీసేసినవి నాలుగు వరుసలే!

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. బయటి కోడ్ ఏది తెచ్చినా ఒక ఫైలులో పేరు, వెర్షన్, లైసెన్సు, ఎక్కడినుంచి తెచ్చానో రాసి పెడతాను. రెండు లైసెన్సులు ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో కలపకముందే చూస్తాను. ఉదాహరణకు అపాచీ 2.0 కోడ్‌ను జి.పి.ఎల్. మూడో వెర్షన్‌తో కలపవచ్చు, రెండో వెర్షన్ మాత్రమే అన్నదానితో కలపకూడదని ఫౌండేషన్ చెబుతుంది.

మీరూ ఏదైనా ప్రాజెక్టుకు పని చేయాలనుకుంటే కాలేజీ పేరు, సిఫారసు ఎవరూ అడగరు. మొదట తప్పులు తెలియజేయండి, తెలుగు అనువాదం చేయండి. కోడ్ పంపేటప్పుడు లైనక్స్ లాంటి చోట్ల "ఇది పంపే హక్కు నాకుంది" అని ధ్రువీకరిస్తూ కింద మీ పేరుతో ఒక వరుస చేర్చాలి. 2004 నుంచి అది అక్కడి నియమం. మీ ప్రోగ్రాం మీరే బయట పెడితే లైసెన్సు ఫైలు మొదటి రోజే పెట్టండి. తర్వాత పదిమంది కోడ్ కలిశాక మార్చాలంటే వారందరినీ వెతికి ఒప్పించాలి.