బ్యాటరీ కొనే ముందు చక్రం తిప్పి చూడండి: కాలేజీ హైబ్రిడ్ బండికి మైలేజ్ లెక్క

బీటెక్ థర్డ్ ఇయర్‌లో మేం ఆరుగురం కలిసి ఒక కాంపిటీషన్ కోసం హైబ్రిడ్ బండి తయారు చేశాం. మూడు చక్రాలు, వెనక పాత 100 సీసీ బైక్ ఇంజిన్, ముందు రెండు హబ్ మోటార్లు. వేసుకున్న చందాల్లో సగానికి పైగా బ్యాటరీకీ, కంట్రోలర్‌కే అయిపోయింది. అన్నీ బిగించి మైలేజ్ చూస్తే, ఒట్టి ఇంజిన్‌తో నడిపినప్పటికంటే తగ్గింది! రెండు రోజులు కంట్రోలర్ సెట్టింగులు మార్చి మార్చి విసిగిపోయాం. చివరికి వర్క్‌షాప్‌లో పనిచేసే అన్న వచ్చి, బండిని జాకీ మీద లేపి, చైన్ తీసేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. రెండు రౌండ్లకే ఆగిపోయింది. బ్రేక్ ప్యాడ్ డిస్క్‌కి రాసుకుంటోంది. మొదటి నుంచీ రాసుకుంటూనే ఉంది, మేమెవ్వరం చూడలేదు.

ఆ రోజు అర్థమైన విషయం ఒక్కటే. హైబ్రిడ్ అంటే మైలేజ్ పెంచే పార్ట్ కాదు. శక్తి ఎక్కడ పోతోందో తెలిస్తేనే దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి. మీ కాలేజీలో ఎవరైనా ఇలాంటి బండి మొదలుపెడుతుంటే, డబ్బు ఖర్చు పెట్టకముందే ఈ లెక్క ఒకసారి చేయండి.

ముందు ఫోన్ భాషలో పెట్రోల్

మనకి తెలిసిన 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది దాదాపు 19 వాట్ అవర్లు. బండికి వాడే 48 వోల్టులు, 20 ఆంపియర్ అవర్ల ప్యాక్ అంటే 960 వాట్ అవర్లు, అంటే 50 ఫోన్లు. మరి ఒక్క లీటరు పెట్రోల్? సుమారు 8,900 వాట్ అవర్లు. 460 ఫోన్లకు పైనే!

ఇంత శక్తి ఉన్నా మైలేజ్ రాదేంటి అంటే, చిన్న పెట్రోల్ ఇంజిన్ అందులో నాలుగో వంతు చక్రాలకి ఇస్తే గొప్ప. మిగతాదంతా వేడిగా సైలెన్సర్‌లోంచి, ఇంజిన్ రెక్కల్లోంచి గాలిలో కలిసిపోతుంది.

శక్తి ఎటు పోతోంది?

డ్రైవర్‌తో కలిపి 250 కేజీల బండి, గంటకి 36 కిమీ వేగంతో వెళ్తోందనుకుందాం. సెకనుకి సరిగ్గా 10 మీటర్లు, లెక్క ఈజీ. మామూలు టైర్లు, మోస్తరు బాడీ ఉంటే:

• టైర్ల రాపిడి: కిలోమీటరుకి 24.5 కిలోజౌళ్లు
• గాలి అడ్డు: కిలోమీటరుకి 24 కిలోజౌళ్లు
• బ్రేక్ వేసి పూర్తిగా ఆపిన ప్రతిసారీ: 12.5 కిలోజౌళ్లు

మొదటి రెండూ ఎలాగూ వెనక్కి రావు. మోటార్ తిరిగి పట్టుకోగలిగేది మూడోదాన్నే. దీన్నే రీజెనరేటివ్ బ్రేకింగ్ అంటాం. అదీ పూర్తిగా రాదు. చక్రం నుంచి బ్యాటరీకి వెళ్లి, మళ్లీ చక్రానికి వచ్చేసరికి 40 శాతం మిగిలిందనుకుందాం.

ఇప్పుడు మోటార్లు, బ్యాటరీ, కంట్రోలర్ కలిపి బండికి 40 కేజీల బరువు పెరిగిందనుకోండి.

కిలోమీటరుకి రెండుసార్లు ఆగే సిటీ రోడ్డు మీద: హైబ్రిడ్ లేకుండా 73.5 కిలోజౌళ్లు కావాలి, హైబ్రిడ్‌తో 69.8. లాభం 5 శాతం.

ఎక్కడా ఆగని ట్రాక్ మీద: హైబ్రిడ్ లేకుండా 48.5, హైబ్రిడ్‌తో 52.4. నష్టం 8 శాతం.

బండి అదే, బ్యాటరీ అదే. రోడ్డు మారితే లాభం కాస్తా నష్టమైంది. అందుకే డిజైన్ మొదలుపెట్టే ముందు రూల్ బుక్‌లో చూడాల్సింది ట్రాక్ మ్యాప్: ల్యాప్‌కి ఎన్నిసార్లు ఆగాలి, ఎన్ని మలుపులు, ఎంత ఎత్తుపల్లాలు.

అసలు లాభం ఇంజిన్ దగ్గర

రీజెన్‌తో వచ్చేది 5 శాతమే అయితే హైబ్రిడ్ కార్లు అంత మైలేజ్ ఎలా ఇస్తాయి? ఇక్కడ మీ ఫోన్ ప్రాసెసర్ గుర్తు తెచ్చుకోండి. పెద్ద కోర్లు, చిన్న కోర్లు ఉంటాయి కదా. వాట్సాప్ మెసేజ్ చూడటానికి పెద్ద కోర్ అక్కర్లేదు.

మన బండికి 36 కిమీ స్పీడ్‌లో కావాల్సింది 485 వాట్లు. 100 సీసీ ఇంజిన్ గరిష్ఠంగా ఇవ్వగలిగేది 6,000 వాట్ల దగ్గర. అంటే సామర్థ్యంలో పదో వంతు కూడా వాడట్లేదు. అంత తక్కువ లోడ్‌లో పెట్రోల్ ఇంజిన్ ఎఫిషియెన్సీ ఘోరంగా పడిపోతుంది. 10 శాతమే ఉందనుకుంటే లీటరుకి 66 కిమీ వస్తుంది. అదే ఇంజిన్‌ని దాని స్వీట్ స్పాట్‌లో నడిపి 20 శాతం రాబడితే 132 కిమీ! బండి బాడీ మీద చెయ్యి కూడా వేయకుండా మైలేజ్ డబుల్.

కాబట్టి హైబ్రిడ్ అసలు పని ఇదీ: ఇంజిన్‌ని మంచి లోడ్‌లో నడపడం, మిగిలిన పవర్‌ని బ్యాటరీలో దాచడం, తక్కువ పవర్ చాలినప్పుడు ఇంజిన్ ఆపేసి మోటార్‌తో పోవడం.

దీనికి బ్యాటరీ కూడా అక్కర్లేదని షెల్ ఎకో మారథాన్ టీములు చాలాకాలంగా చూపిస్తున్నాయి. ఇంజిన్ ఆన్ చేసి బండిని వేగం అందుకునేలా లాగుతారు, ఆపేస్తారు, ఆ ఊపుతో జారిపోతారు, వేగం తగ్గాక మళ్లీ ఆన్. ప్రాసెసర్ పని గబగబా ముగించి నిద్రపోయినట్టే. ఇక్కడ బండి వేగమే బ్యాటరీ.

ఈ పోటీకి మూలం 1939లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో షెల్ ఉద్యోగులు వేసుకున్న పందెం. అప్పుడు గెలిచిన కారు మైలేజ్ లీటరుకి 21 కిమీ. 2005లో స్విట్జర్లాండ్‌కి చెందిన ఈటీహెచ్ జ్యూరిక్ విద్యార్థుల ప్యాక్ కార్ 2, హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్‌తో నడిచి, పెట్రోల్ లెక్కలో లీటరుకి 5,385 కిమీ సాధించింది. అంత మైలేజ్‌కి ఫ్యూయల్ సెల్ ఒక్కటే కారణం కాదు. అతి తేలికైన బాడీ, నీటి బొట్టులాంటి ఆకారం, రాపిడి తక్కువ ఉన్న టైర్లు దానికి తోడయ్యాయి.

మన దేశంలో 2010లో మొదలైన ఎస్ఏఈ ఎఫిసైకిల్ పోటీది ఇంకో దారి. మూడు చక్రాల బండి, ఇద్దరు తొక్కాలి, తోడుగా ఎలక్ట్రిక్ మోటార్. అక్కడ పెద్ద కోర్ మన కాళ్లే!

హైదరాబాద్‌లోనే చూడొచ్చు

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్ జరిగింది. అందులో పరుగెత్తిన జెన్ 3 కార్లకి వెనక మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు, మోటారే బ్రేక్. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం బ్రేకింగ్ నుంచే వస్తుందని నిర్వాహకుల లెక్క. మలుపు మలుపుకీ గట్టిగా బ్రేక్ వేసే స్ట్రీట్ సర్క్యూట్ కాబట్టి రీజెన్‌కి అంత పని దొరుకుతుంది.

రోడ్డు మీద ఉదాహరణ కావాలంటే గ్రాండ్ విటారా. మాన్యువల్ మైల్డ్ హైబ్రిడ్‌కి లీటరుకి 21.11 కిమీ, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి 27.97 కిమీ అని సర్టిఫైడ్ లెక్క. సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్ నుంచి సైబర్ టవర్స్ దాకా పాక్కుంటూ వెళ్లే కారుకి స్ట్రాంగ్ హైబ్రిడ్ వరం. ఔటర్ మీద గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కి ఒకే స్పీడ్‌లో పోయే కారుకి ఆ తేడా బాగా తగ్గిపోతుంది. పైన మనం వేసిన లెక్కే ఇదీ.

ఫోన్‌తో చేసే టెస్ట్

కావాల్సింది జీపీఎస్ ఉన్న ఫోన్, ఫైఫాక్స్ లాంటి ఉచిత సెన్సర్ యాప్, సమతలంగా ఉన్న ఖాళీ క్యాంపస్ రోడ్డు. గాలి లేని ఉదయం పూట, హెల్మెట్ పెట్టుకుని చేయండి.

1. డ్రైవర్‌తో సహా బండి బరువు తూచండి.
2. 40 కిమీ దాకా వెళ్లి న్యూట్రల్‌లో వదిలేయండి. బ్రేక్ ముట్టుకోవద్దు.
3. సెకనుకి ఎంత వేగం తగ్గుతోందో రికార్డ్ చేయండి. రెండు దిక్కుల్లోనూ చేసి సగటు తీయండి.
4. ఆ తగ్గుదలని సెకనుకి మీటర్లలోకి మార్చి బరువుతో గుణిస్తే, బండిని ఆపుతున్న బలం న్యూటన్లలో వస్తుంది.

మన 250 కేజీల బండి అయితే 36 కిమీ దగ్గర సెకనుకి 0.7 కిమీ, 10 కిమీ దగ్గర 0.4 కిమీ చొప్పున వేగం తగ్గాలి. నెమ్మదిగా ఉన్నప్పుడే ఇంతకంటే బాగా ఎక్కువ తగ్గుతుంటే తప్పు టైర్ల గాలిలోనో, వీల్ అలైన్‌మెంట్‌లోనో, బ్రేకుల్లోనో, బేరింగుల్లోనో ఉంది. నెమ్మదిగా ఉన్నప్పుడు బాగుండి, స్పీడ్‌లో పాడైతే బాడీ ఆకారం చూడండి.

ఇంకొక్క జాగ్రత్త. హైబ్రిడ్ మైలేజ్ కొలిచేటప్పుడు మొదట్లో, చివర్లో బ్యాటరీ ఛార్జ్ ఒకే స్థాయిలో ఉండాలి. ఫుల్ ఛార్జ్‌తో మొదలుపెట్టి ఖాళీ చేసి, పెట్రోల్ మాత్రమే లెక్కేస్తే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

డబ్బు ఏ వరసలో పెట్టాలి?

మొదట ఉచితంగా అయ్యేవి: బ్రేక్ రాపిడి, టైర్ గాలి, అలైన్‌మెంట్, చైన్. తర్వాత బరువు తగ్గించడం. తర్వాత ఇంజిన్ స్వీట్ స్పాట్‌కి గేర్ నిష్పత్తి సరిచేయడం. అన్నిటికన్నా చివర్లో మోటార్, బ్యాటరీ. అదీ ట్రాక్‌లో ఆగడాలు ఎక్కువ ఉంటేనే. పార్టులు చేయించుకోవడానికి మెషీన్లు కావాలంటే రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ వర్క్స్ ప్రోటోటైపింగ్ కోసమే కట్టిన చోటు, ఒకసారి వెళ్లి అడగండి.

మా బండి సంగతంటారా? ప్యాడ్ సరిచేశాక, బ్యాటరీ, మోటార్లు విప్పేసి నడిపితే మాకు అప్పటిదాకా వచ్చిన మైలేజ్‌లన్నిటికంటే ఎక్కువ వచ్చింది. ఆ రిపేరుకి అయిన ఖర్చు ఆ అన్నకి తాగించిన రెండు ఇరానీ చాయ్‌లు.