మూర్ఛ వ్యాధి - మన నమ్మకాలు, అసలు సంగతి

ధర్మపురిలో గోదావరి రేవు దగ్గరనో, అంగట్లోనో ఎవరైనా కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోతే మూగినవాళ్ళు ముందుగా వెతికేది తాళపు చెవుల గుత్తి. నిజానికి చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. గుత్తి దొరికేసరికి ఆ సమయం ఎట్లాగూ గడుస్తుంది. పేరు మాత్రం ఇనుముకు!

మెదడులోని నాడీకణాలు స్వల్పమైన విద్యుత్ సంకేతాలతో పని చేస్తాయి. అవి వంతు తప్పి ఒక్కసారే ఉద్రేకిస్తే ఫిట్స్ వస్తాయి. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లతో ఊళ్ళోని మోటర్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ గతి ఏమవుతుందో రైతుబిడ్డలకు వేరే చెప్పాలా?

అయితే ఫిట్స్ వచ్చిన ప్రతివాడూ మూర్ఛరోగి కాడు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్స్‌తో ఆస్పత్రి పాలయ్యారు. రక్త పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయి. ఇట్లాంటి తాత్కాలిక కారణమేదీ లేకుండా మళ్ళీ మళ్ళీ వస్తేనే మూర్ఛ వ్యాధి అంటారు.

కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, తలకు దెబ్బ, మెదడువాపు, పక్షవాతం, వంశపారంపర్యం - ఇవి కొన్ని కారణాలు. చాలామందిలో కారణమే దొరకదు. మన దేశంలో గమనించవలసినది బద్దెపురుగు. సరిగా ఉడకని పంది మాంసంతో అది మనిషి పేగుల్లో చేరుతుంది. ఆ మనిషి మలంలోని గుడ్లు కూరగాయల ద్వారా, నీళ్ళ ద్వారా ఇంకొకరి కడుపులోకి పోయి, మెదడులో తిత్తులుగా మారతాయి. కనుక మాంసం ముట్టని ఇంట్లోనూ ఇది రావచ్చు. పొలం గట్టున బహిర్భూమికి కూర్చునే అలవాటుకూ, ఫిట్స్‌కూ ఇదీ చుట్టరికం!

రోగ నిర్ణయానికి అన్నిటికంటె ముఖ్యం చూసినవారి సాక్ష్యం. పడిపోయినవానికి ఏమీ గుర్తుండదు గదా. సెల్‌ఫోన్లో తీసిన వీడియో డాక్టరుకు ఎంతో పనికొస్తుంది. మెదడు విద్యుత్తును 1924లో హన్స్ బెర్గర్ తొలిసారి మనిషిలో నమోదు చేశాడు. అదే ఇ.ఇ.జి. అది మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు. తిత్తులూ గడ్డలూ స్కానింగులో తెలుస్తాయి.

1912లో ఫినోబార్బిటోన్, 1938లో ఫెనిటాయిన్ వాడుకలోకి వచ్చాయి. తరువాత ఎన్నో వచ్చాయి. సరిగా వాడితే నూటికి డెబ్బైమందికి ఫిట్స్ రాకుండా ఆపవచ్చు. మన దగ్గర గోళీలు సగంలో మానేయడమే పెద్ద చిక్కు. ముఖ్యంగా ఆడపిల్లకు సంబంధం కుదరగానే గోళీలు దాచేస్తారు. హఠాత్తుగా మానితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను అడ్డంకిగా చెప్పిన మాటను 1999లోనే తీసేశారు. మన ఇళ్ళల్లో ఇంకా తీయలేదు. గర్భం ధరించదలచినవారు ముందే డాక్టరుతో మాట్లాడాలి, కొన్ని మందులు బిడ్డకు మంచివి కావు.

వ్యాధి అదుపులోకి వచ్చేదాకా ఒంటరిగా బావి దగ్గరికి, గోదావరి స్నానానికి పోవద్దు, ట్రాక్టరు నడపవద్దు. ఎవరైనా పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద కండువా పెట్టండి. నోట్లో ఏదీ కుక్కవద్దు, నీళ్ళు పోయవద్దు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.