గోడ మీది స్విచ్చును వదులుకోకు

చి. సింధుకి,

కొత్త ఫ్లాట్‌లో పైపులు వేశారు, వైర్లు ఇంకా లాగలేదన్నావు. స్మార్ట్ లైట్లు పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి అదను దొరకదు. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

మన ఇళ్లలో లైటు స్విచ్చు దగ్గరికి చాలాసార్లు ఫేజ్ ఒక్కటే తెస్తారు. న్యూట్రల్ పైనుంచి పైనే లైటు పాయింటుకు వెళ్లిపోతుంది. మామూలు స్విచ్చుకు అది సరిపోతుంది. స్మార్ట్ స్విచ్చు మాత్రం లైటు ఆర్పేసి ఉన్నా మెలకువగానే ఉండాలి, దానికంటూ కాస్త కరెంటు కావాలి. న్యూట్రల్ లేకుండా పనిచేసే రకాలు ఆ కాస్తా బల్బు గుండానే లాక్కుంటాయి. తక్కువ వాట్ల ఎల్‌ఈడీ అయితే ఆర్పాక కూడా మిణుకుమంటూ ఉంటుంది. ప్లగ్ పాయింటు లేని బోర్డులకు కూడా న్యూట్రల్ లాగమని ఎలక్ట్రీషియన్‌కు ఇప్పుడే చెప్పు. ఏ లైను ఫేజ్‌కు ఆ లైను న్యూట్రలే కలపాలి. వేరే లైనుది కలిపితే, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటుంది. బోర్డు వెనక డబ్బాలు లోతైనవి తెప్పించు, స్మార్ట్ స్విచ్చు మాడ్యూల్ అందులోనే ఇమడాలి.

నువ్వు చూపించిన రంగుల బల్బులు ఇల్లంతా పెట్టొద్దు. నాన్నమ్మ నీ దగ్గరే ఉండబోతోంది. గది దాటితే స్విచ్చు ఆర్పడం ఆవిడకు జీవితకాలపు అలవాటు, మంచి అలవాటు కూడా. గోడ దగ్గర ఆర్పేస్తే స్మార్ట్ బల్బుకు ప్రాణం లేనట్టే. ఫోన్‌లో ఎంత నొక్కినా వెలగదు. జిగ్బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో నడిచే బల్బులైతే సందేశాన్ని ఒకదాని నుంచి మరొకటి అందుకుంటాయి కాబట్టి, మధ్యలో ఒకటి ఆరితే దాని మీద ఆధారపడ్డవీ తడబడతాయి. తెలివి స్విచ్చులో పెట్టు, బల్బు మామూలుదే కొను. అప్పుడు ఆవిడ గోడ మీద నొక్కినా, నువ్వు ఆఫీసు నుంచి నొక్కినా పని జరుగుతుంది. రంగుల బల్బు మీద అంత మనసుంటే నీ గదిలో టేబుల్ లాంప్‌కు ఒకటి పెట్టుకో.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరగాలో యాప్‌లో ముందే చెప్పిపెట్టు. చాలా స్మార్ట్ బల్బులు కరెంటు రాగానే పూర్తి వెలుగుతో వెలుగుతాయి. అర్ధరాత్రి రెండింటికి అలా జరిగితే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. ‘ముందున్న స్థితి’ అన్నది ఎంచుకుంటే చాలు.

ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేవే కొను. 2022 అక్టోబరులో ‘మేటర్’ అనే ఉమ్మడి ప్రమాణం తొలి రూపం వచ్చింది, ఆ గుర్తున్నవి ఇంట్లోని నెట్‌వర్క్‌లోనే మాట్లాడుకుంటాయి. ఓపిక ఉంటే, వీటన్నిటినీ నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకో. ఇంట్లోనే ఒక చిన్న పెట్టెలో నడుస్తుంది, ఉచితం.

నన్నడిగితే ఈ ఖర్చుకంతటికీ అర్థం ఒక్క చోట ఉంది. నాన్నమ్మ మంచం నుంచి బాత్రూమ్ దాకా ఉన్న దారి. ఆ చీకటి నడకలో ఆవిడ పడిపోతుందేమోనని నా భయం. మంచం కింద ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్, ఆవిడ కాలు కింద పెట్టగానే పసిగట్టేలా ఒక మోషన్ సెన్సర్ పెట్టు. వెలుగు పది శాతం మించకూడదు, 2700 కెల్విన్ పసుపు రంగే ఉండాలి. 6500 తెల్ల వెలుగు పడితే మళ్లీ నిద్ర పట్టదు. ఒంటి వేడిని చూసే పీఐఆర్ సెన్సర్లు మన ఎండాకాలంలో కాస్త మందగిస్తాయి. గది వేడికీ ఒంటి వేడికీ తేడా తగ్గిపోతుంది మరి. కదలకుండా కూర్చున్న మనిషిని కూడా అవి పట్టుకోలేవు, కాబట్టి బాత్రూమ్ లైటును సెన్సర్ తనంతట తాను ఆర్పేలా పెట్టొద్దు.

బాల్కనీ లైటుకు గడియారం టైము ఇవ్వకు. హైదరాబాద్‌లో నవంబరు చివర సూర్యుడు 5:40కే దిగిపోతాడు, జూలై మొదట్లో ఏడు దాకా ఉంటాడు. సూర్యాస్తమయానికి ముడిపెడితే ఏడాది పొడవునా దీపాలు పెట్టే వేళకే వెలుగుతుంది.

శనివారం ఎలక్ట్రీషియన్ వస్తాడన్నావుగా, వీడియో కాల్‌లో నన్నూ కలుపు. నాన్నమ్మ గదికి తలుపు దగ్గర ఒకటి, మంచం పక్కన ఒకటి టూ-వే స్విచ్చులు వేయించాలి. ఆ రెండు స్విచ్చుల మధ్య వైరు పైపు వేశారో లేదో ఆలోపు చూసి చెప్పు.

మీ బాబాయ్