శివరాత్రి వెళ్ళింది, ఏసీ ఫిల్టర్ మార్చావా చెల్లీ?

చెల్లీ, కోటప్పకొండ తిరునాళ్ళ అయిపోయింది. ప్రభలు ఊళ్ళకు తిరిగెళ్ళాయి, వచ్చిన చుట్టాలూ బయల్దేరారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గదా, ఇక రేపో మాపో కార్లో ఏసీ వేస్తావు. వేసేముందు ఒక్క పని చెయ్యి తల్లీ. ఏసీ ఫిల్టర్ బయటికి తీసి చూడు.

బానెట్ కింద ఉండే ఎయిర్ ఫిల్టర్ గురించి కాదు నేను చెప్పేది. అది ఇంజను ఊపిరి కోసం. ఇది మన ఊపిరి కోసం. చాలా కార్లలో ఎడమవైపు సీటు ముందర, కాగితాలు పెట్టుకునే గ్లవ్‌బాక్స్ వెనకాల ఉంటుంది. ఏసీ గాలి దీన్ని దాటుకునే మన ముక్కుదాకా వస్తుంది. సర్వీసుకిచ్చిన ప్రతిసారీ ఇంజనాయిల్ గురించి అడుగుతాం గానీ దీని ఊసెత్తం. కంటికి కనపడదు గదా.

కారుతో ఇచ్చే పుస్తకంలో పది పదిహేను వేల కిలోమీటర్లకో, ఏడాదికోసారో మార్చమని రాస్తారు. దుమ్ము ఎక్కువుండే చోట ఇంకా ముందే మార్చమంటారు. ఆ రెండో మాట మన పల్నాడుకే వర్తిస్తుంది. ఈ రోజుల్లో మన దారులు ఎట్టా ఉంటాయో నీకు నేను చెప్పాలా? కల్లాల నిండా మిరపకాయ ఆరబోసి ఉంటుంది. తాలుకాయ ఏరే చోటు పక్కగా పోతే చాలు, తుమ్ములు ఆగవు. ముందు పత్తి లారీ ఉంటే దూది పింజలు ఎగిరొస్తాయి. పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీలు, మాచర్ల దారిలో సిమెంటు లారీలు. వీటన్నిటి మీదా తిరునాళ్ళ ఒకటి. ఎనభై, తొంభై అడుగుల ప్రభలు, వాటి వెనక జనరేటర్ల పొగ, చుట్టూ పొలాల్లో పార్కింగు, లక్షలమంది నడిచిన మట్టి. ఆ దుమ్ములో గంటలకొద్దీ అడుగులో అడుగేస్తూ కదిలిన కారు ఏం పీల్చుకుని ఉంటుందో ఆలోచించు. అందుకే నేను కిలోమీటర్లు లెక్కపెట్టడం మానేసి, శివరాత్రి వెళ్ళిన వారాన్నే దీనికి ముహూర్తంగా పెట్టుకున్నా.

మొన్న మా కారుది తీసి వాకిట్లో న్యూస్‌పేపర్ మీద పెట్టాను. చీర కుచ్చిళ్ళలాగా మడతలు మడతలుగా ఉంటుందిలే అది. కొత్తప్పుడు తెల్లటి తెలుపు. ఇప్పుడు ఒక్కో మడత విప్పి చూస్తే లోపల బూడిద రంగు మట్టి గట్టిపడి ఉంది. ఎండిన వేపాకు ముక్కలు, దూది పోగులు, అక్కడక్కడా ఎర్రటి పొట్టు. వెనక సీట్లో పిల్లలు పీల్చే గాలి ఇందులోంచి వస్తోందంటే ప్రాణం ఉసూరుమంది.

పని మాత్రం చాలా తేలిక. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు చాలా కార్లకు. ఇంజను ఆపు, తాళం తీసెయ్. గ్లవ్‌బాక్స్ ఖాళీ చెయ్యి. దాని పక్కన సన్నటి తాడో, కడ్డీయో ఉంటే ముందు దాన్ని విడదియ్యి. రెండు పక్కల గోడల్నీ అరచేతుల్తో లోపలికి నొక్కితే డబ్బా మొత్తం కిందికి వాలుతుంది. వెనకాల పొడుగాటి ప్లాస్టిక్ మూత కనపడుతుంది. క్లిప్పులు నొక్కి మూత తీసి, ఫిల్టర్‌ను మెల్లగా ముందుకి లాగు. లాగే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకో, ఎందుకంటే అంచు మీద బాణం గుర్తుంటుంది, గాలి ఎటు పోతుందో చెప్పేది. కొత్తదాని బాణం కూడా అటే ఉండాలి. ఖాళీ అరను తడిగుడ్డతో తుడువు, ఆకులేమైనా ఉంటే చేత్తో ఏరెయ్, లోపలికి మాత్రం తొయ్యొద్దు. ముక్కుకి గుడ్డ కట్టుకో, పిల్లల్ని దగ్గరికి రానియ్యకు. కొన్ని కార్లలో అర వేరేచోట ఉంటుంది, కొన్ని పాత కార్లకు ఫిల్టరే ఉండదు. పుస్తకం ఒకసారి తిరగేస్తే తెలుస్తుంది.

పాతదాన్ని నేలకేసి కొట్టి మళ్ళీ పెట్టేవాళ్ళున్నారు. నీళ్ళతో కడిగేవాళ్ళూ ఉన్నారు. కాగితం రకాన్ని కడిగితే పాడైపోతుంది. పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే పైపైన దుమ్ము పోతుందేగానీ సన్నటిది మడతల్లోనే ఉంటుంది, కాగితం చిరిగినా చిరుగుతుంది. కొత్తదే కొను చెల్లీ, మామూలు రకం చాలా కార్లకు కొన్ని వందల్లోనే వస్తుంది. నరసరావుపేటలో స్పేర్ పార్ట్స్ షాపుకెళ్ళి కారు పేరు, తయారైన సంవత్సరం చెబితే చాలు. ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దవాళ్ళుంటే ఇంకాస్త పెట్టి కార్బన్ రకం తీసుకో. మామూలుది దుమ్మునే ఆపుతుంది, కార్బన్‌ది వాసననూ పొగనూ కూడా కొంత తగ్గిస్తుంది. మిరప ఘాటు పూర్తిగా ఆగుతుందని మాత్రం నేను మాటివ్వను.

కొండ ఘాట్ రోడ్డు మీద బస్సు వెనక చిక్కుకుంటే బయటి గాలి ఆపే మీట నొక్కు. దారి సాఫీ కాగానే మళ్ళీ తీసెయ్. నిండా జనంతో గంటలకొద్దీ లోపలి గాలే తిప్పితే బొగ్గుపులుసు వాయువు పెరిగి నడిపేవాళ్ళకు మగత కమ్ముతుంది.

బ్లోవర్ హోరుమంటున్నా గాలి రావట్లేదని ఏసీ గ్యాస్ నింపించబోయేవాళ్ళు మీ వీధిలో ఎవరన్నా ఉంటే, ముందు ఈ ఫిల్టర్ తీసి చూడమను. కొత్తది వేశాక కూడా తడిగుడ్డ ముక్క వాసన వస్తుంటే అది కూలింగ్ కాయిల్ మీద పట్టిన బూజు. అది మన చేతి పని కాదు, ఏసీ మెకానిక్‌కి చూపించాల్సిందే. ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందే ఏసీ ఆపి ఉత్త బ్లోవర్ తిరగనిస్తే కాయిల్ కొంత ఆరుతుంది, ఆ బూజు అంత తొందరగా పట్టదు.