మొహల్లా గ్రూపులో నీళ్ల కబురు

2024 సెప్టెంబరు 1వ తేదీ, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తింది. మరునాడు ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు సాగింది. ఆ బ్యారేజీ అంతకుమునుపు ఎన్నడూ అంత ప్రవాహాన్ని చూడలేదు. ఇళ్ల చుట్టూ నీళ్లే, కాని గొంతు తడుపుకోవడానికి గుక్కెడు మంచినీళ్లు లేవు. పడవల మీద, హెలికాప్టర్లలో, చివరకు డ్రోన్లతో కూడా నీళ్ల సీసాలు చేరవేయవలసి వచ్చింది.

అలా మేడ మీద చిక్కుకున్న ఒక కుటుంబాన్ని ఊహించండి. నలుగురు మనుషులు, రెండు సీసాల నీళ్లు, జొహర్ నమాజు వేళ. వుజూ ఎలా చేయాలి? క్రింద నిలిచిన వరద నీటిలో మరుగుదొడ్ల మురుగు కలిసింది, రంగూ వాసనా మారిపోయాయి. అశుద్ధం కలిసి రంగు, రుచి, వాసనలలో ఏ ఒక్కటి మారినా ఆ నీరు శుద్ధికి పనికిరాదని ధర్మవేత్తలు ఏకగ్రీవంగా చెప్పారు. పోనీ సీసాలోని నీళ్లు వాడితే పిల్లలు దాహంతో అల్లాడతారు. కనుక ఆ నీళ్లను త్రాగడానికి ఉంచుకుని, తయమ్ముమ్ చేసి నమాజు చేసుకోవాలి. అల్లాహ్ తన దాసులను ఇబ్బంది పెట్టగోరడు. ఈ మస్‌అలాను మీ మస్జిద్ ఇమాం గారు ఒక్క నిమిషం ఆడియోలో చెప్పి వాట్సప్‌లో పెడితే, ఫోనులో చార్జింగు మిగిలివున్న ప్రతి ఇంటికీ అది చేరుతుంది. చదవడం రాని నానీలు కూడా వినగలుగుతారు. ఈ సాధనం వల్ల మేలు ఉందా లేదా అని వాదించుకునే కాలం ఎప్పుడో దాటిపోయింది.

అయితే ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గ్రహించాలి. వుజూకు పనికివచ్చే నీరంతా త్రాగడానికి పనికివస్తుందనుకోకూడదు. రంగు, రుచి, వాసన అనే మూడు గుర్తులు తహారత్‌కు సంబంధించినవి. కలరా, విరేచనాలు కలిగించే క్రిములు కంటికి కనబడవు, ముక్కుకు తెలియవు. తేటగా మెరిసే గ్లాసుడు నీళ్లలో కూడా అవి ఉండవచ్చు. 2018 మార్చిలో గుంటూరు పాతపట్నంలో, మన వారు ఎక్కువగా నివసించే ఆనందపేట పరిసరాల్లో ఏం జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మంచినీటి గొట్టాలలో మురుగు కలిసింది. వందలాది మంది అతిసారం పాలయ్యారు, పలువురు కన్నుమూశారు. వారు త్రాగింది ఏ గుంటలోని నీళ్లో కావు, రోజూ త్రాగే కుళాయి నీళ్లే.

మన నానమ్మలు కాలువ నీళ్లు తెచ్చి కుండలో చిల్లగింజ అరగదీసేవారు, లేదా పటిక త్రిప్పేవారు. మట్టి అడుగుకు దిగి నీరు తేటపడేది. అది మంచి అలవాటే, కాదనను. కాని పటిక వేస్తే చాలు, కాచనక్కరలేదు అని గ్రూపులలో తిరిగే సందేశం తప్పు. పటిక మురికిని దించుతుంది, క్రిములన్నిటినీ చంపదు. తేటపడిన నీటిని తెర్లేదాకా కాచాలి. లేదా క్లోరిన్ బిళ్ల వేసి, పొట్లం మీద చెప్పినంత సేపు, సాధారణంగా అరగంట, ఆగాలి.

విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే ఒక మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) హెచ్చరించారు (ముస్లిం). ఎవరైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోవాలని, లేకపోతే తెలియక ఇతరులకు హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని సూరె హుజురాత్ 6వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. మన దేశంలో పుకార్ల వల్ల ప్రాణాలు పోయిన తరువాతనే, 2018లో, వాట్సప్ వారు ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేశారు. చాలాసార్లు చేతులు మారిన సందేశానికి రెండు బాణాల గుర్తు కూడా పెడుతున్నారు. ఆ గుర్తు కనబడితే సోదరీమణులారా, మీ వ్రేలు కాసేపు ఆపండి.

“రేపు కుళాయి నీళ్లు త్రాగవద్దు” అని ఒక కబురు వచ్చిందనుకోండి. ఏ రేపు? ఏ పేట? ఎవరు చెప్పారు? నిరుడు పెట్టిన సందేశమే ఈ ఏడు మళ్లీ తిరుగుతూ ఉండవచ్చు. అందుచేత నీళ్ల గురించి మనం పెట్టే ప్రతి సందేశంలో తేదీ, వీధి పేరు, చెప్పిన వారెవరు అనేది తప్పక ఉండాలి. వార్డు సచివాలయంలో గాని, కార్పొరేషన్ నీటి సరఫరా సిబ్బందిని గాని అడిగి తెలుసుకున్నాకే పెట్టాలి. ప్రమాదం తీరిపోయాక, తీరిపోయిందని కూడా చెప్పాలి. ఈ చివరిది దాదాపు అందరం మరచిపోతాం.

ఇక ఏం పంపాలి? దైవప్రవక్త (స) నేర్పిన అలవాట్లే చాలినన్ని ఉన్నాయి. రాత్రివేళ పాత్రల మీద మూతలు పెట్టమన్నారు. నిద్ర లేవగానే చేతులు కడుక్కోకుండా నీళ్ల పాత్రలో ముంచవద్దన్నారు. నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేయవద్దని వారించారు. వారానికి ఒకటి చొప్పున, జుమా రోజున, ఇమాం గారి గొంతుతో పంపితే సరిపోతుంది. రోజుకు ఇరవై పంపితే ఎవరూ వినరు. విరేచనాలు పట్టుకున్న ఇంటికి మాత్రం జుమా దాకా ఆగకుండా ఇది పంపండి: ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి, కొంచెం కొంచెంగా త్రాగిస్తూ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఉప్పు కొలత మించనీయవద్దు.

నీటిరేవులలో, బాటలో, నీడలో మలవిసర్జన చేసి శాపానికి గురికావద్దని హజ్రత్ ముఆజ్ (రజి) ఉల్లేఖించిన హదీసు అబూ దావూద్‌లో ఉంది. బెజవాడ వాసులకు ఇది మరీ వర్తిస్తుంది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మన ఊరి నడిబొడ్డు నుండే పారుతున్నాయి. దివిసీమలోను, సముద్రతీరపు ఇతర గ్రామాలలోను బావి నీళ్లు ఉప్పన. వారు కృష్ణ కాలువ నీళ్లనే చెరువులకు పెట్టుకుని వేసవి గడుపుకుంటారు. వన్‌టౌన్‌లో మనం కాలువలోకి విసిరిన చెత్త సంచి, బక్రీదు మరునాడు పారబోసిన వ్యర్థాలు దిగువన ఎవరో త్రాగే నీళ్లలోకి చేరుతాయి. ఖుర్బానీ వ్యర్థాల బండి ఏ వీధికి ఎన్ని గంటలకు వస్తుందో పండుగ ముందురోజే కనుక్కుని గ్రూపులో పెట్టడం కమిటీ వారి బాధ్యత.

ఫోటోల సంగతి కూడా చెప్పాలి. కాలువ గట్టున కూర్చున్న వాడిని, చెత్త పారబోస్తున్న ఆమెను ఫోటో తీసి గ్రూపులో పెట్టి సిగ్గు తెప్పిద్దామని కొందరు యువకులు ఉత్సాహపడతారు. సోదరుని లోపాన్ని కప్పి ఉంచమని నేర్పిన ధర్మం మనది. ఆ ఇంట్లో మరుగుదొడ్డి ఉందో లేదో, ఉన్నా అందులో నీళ్లున్నాయో లేదో ముందు వెళ్లి అడగండి. వరదలలో నీళ్ల సీసా అందుకుంటున్న వృద్ధురాలి ఫోటో కూడా ఇటువంటిదే. దానం చేసి మనసు నొప్పిస్తే ఆ దానం వృథా అవుతుందని సూరె బఖరా 264వ ఆయతు చెబుతోంది. ఫోటో తీయాలనుకుంటే పగిలిన గొట్టాన్ని, మురుగులో మునిగిన కుళాయిని, మూత లేని మస్జిద్ ట్యాంకును తీసి, వీధి పేరు, తేదీ వ్రాసి సచివాలయానికి, కమిటీకి పంపండి.