కొట్టు ఎక్కడ పెట్టాలి?

ఒక మండల కేంద్రంలో అత్తాకోడళ్ళు ఉన్నారు. ఇంటి అరుగు మీద టిఫిన్లు అమ్మేవారు. అత్త ఇడ్లీ దూదిలా ఉంటుంది. కోడలి చట్నీ తిన్నవాళ్ళు మళ్ళీ అడుగుతారు.

ఒక గది అద్దెకు తీసుకుని కొట్టు పెట్టాలనుకున్నారు. పొదుపు సంఘంలో 50 వేల రూపాయలు అప్పు తీసుకున్నారు. నెలనెలా వాయిదా కట్టాలి. కొట్టు నడిచినా నడవకపోయినా వాయిదా ఆగదు.

రెండు గదులు దొరికాయి.

మొదటిది మెయిన్ రోడ్డు మీద ఉంది. కొత్త గది. షట్టరు ఉంది. అద్దె నెలకు 5,000 రూపాయలు.

రెండోది ప్రభుత్వ ఆసుపత్రి పక్క సందులో ఉంది. పాత రేకుల గది. అద్దె 2,000 రూపాయలు.

"మెయిన్ రోడ్డే మేలు అత్తయ్యా! ఎంతమంది తిరుగుతున్నారో చూడండి" అంది కోడలు.

"తిరిగేవాళ్ళు వేరు, ఆగేవాళ్ళు వేరు. ముందు లెక్క చూద్దాం అమ్మాయ్" అంది అత్త.

మనుషుల లెక్క

సోమవారం, సంత రోజు, ఆదివారం. ఈ మూడు రోజులూ పొద్దున 7 నుంచి 9 దాకా అత్త రోడ్డు దగ్గర కూర్చుంది. కోడలు ఆసుపత్రి దగ్గర కూర్చుంది. ఆగిన మనిషికి ఒక గీత చొప్పున పుస్తకంలో గీశారు.

మెయిన్ రోడ్డు మీద బళ్ళు ఎన్నో పోయాయి. ఆగినవి కొన్నే. అక్కడ బండి ఆపుకోవడానికి చోటు లేదు. పైగా అప్పటికే మూడు టిఫిన్ కొట్లు ఉన్నాయి.

ఆసుపత్రికి జనం పొద్దున్నే వస్తారు. చీటీ కోసం వరసలో నిలబడతారు. రోగుల దగ్గర రాత్రి పడుకున్నవాళ్ళు వేడినీళ్ళ కోసం, టిఫిన్ కోసం వెతుకుతారు. ఆదివారం చీటీల వరస లేదు. అయినా రోగుల బంధువులు ఉన్నారు.

అద్దె లెక్క

నెలకు 25 రోజులు కొట్టు తీస్తారు అనుకుందాం. ప్లేటుకు ఖర్చులు పోను 8 రూపాయలు మిగులుతుంది అనుకుందాం.

5,000 అద్దె అంటే రోజుకు 200. దానికోసమే 25 ప్లేట్లు అమ్మాలి.

2,000 అద్దె అంటే రోజుకు 80. దానికి 10 ప్లేట్లు చాలు.

"రోజూ 15 ప్లేట్ల కష్టం ఆ షట్టరుకే పోతుందన్నమాట!" అంది కోడలు.

గది ఎలా ఉండాలి?

ఇద్దరూ రెండో గది చూడటానికి వెళ్ళారు. కుళాయి లేదు. గిన్నెలు కడిగిన నీళ్ళు పోవడానికి కాలువ లేదు. ఈ రెండూ చేయించి ఇస్తేనే తీసుకుంటామన్నారు. ఓనరు ఒప్పుకున్నాడు. రేకుల వేడి తగ్గడానికి పైన తాటాకులు పరిచారు.

గ్యాసు గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. అందుకని పొయ్యి గట్టు మీద ఉండాలి. సిలిండరు కింద నిలబెట్టి ఉండాలి. కింది నుంచి గాలి బయటికి పోయే దారి ఉండాలి. ఇంటి సిలిండరు కొట్టులో వాడకూడదు. కొట్లకు వేరే సిలిండరు ఇస్తారు. కరెంటు మీటరు కూడా కొట్లకు ఇచ్చే రకమే ఉండాలి.

అద్దె కాగితం

అడ్వాన్సు 10 వేలు అనుకున్నారు. ఓనరు కాగితం తెచ్చాడు. అత్త కూడబలుక్కుని చదివింది. అడ్వాన్సు రాసే చోట ఖాళీ ఉంది.

"తర్వాత రాసుకుందాంలేమ్మా, వేలిముద్ర వెయ్యి" అన్నాడు ఓనరు.

"వేలిముద్ర ఎందుకు బాబూ, సంతకమే పెడతాను. ముందు అంకె వెయ్యండి. అక్షరాల్లో కూడా రాయండి" అంది అత్త.

ఓనరు రాశాడు. అత్త సంతకం పెట్టింది. ఒక కాపీ తన దగ్గర ఉంచుకుంది.

మొదటి నెల పెద్దగా మిగల్లేదు. కానీ అద్దె కట్టారు. వాయిదా తప్పలేదు.

తెలుసుకోండి

* తినే వస్తువులు అమ్మే చిన్న కొట్టు అయినా ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కింద నమోదు చేయించాలి. పంచాయతీలో గాని, మున్సిపాలిటీలో గాని లైసెన్సు గురించి అడగాలి.
* పట్టణాల్లో తోపుడు బళ్ళ మీద, రోడ్డు పక్కన అమ్మేవాళ్ళ కోసం 2014లో చట్టం వచ్చింది. వాళ్ళు మున్సిపాలిటీలో పేరు రాయించుకుని ధ్రువపత్రం అడగవచ్చు.
* అద్దె కాగితం రిజిస్టరు చేయించాలి.

ఆలోచించండి, చెప్పండి

1. అత్త మూడు రోజులు ఎందుకు లెక్క చూసింది? ఒక్క రోజు చూస్తే చాలదా?
2. అద్దె 3,000 అయితే రోజుకు ఎన్ని ప్లేట్లు అమ్మాలి?
3. ఖాళీ ఉన్న కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుంది?
4. మీ ఊళ్ళో మనుషులు ఎక్కడ ఆగుతారు? ఒక పొద్దున కూర్చుని గీతలు గీయండి.