కార్డు పెడితే నూక్ ట్యాబ్లెట్ అవుతుందా?

ప్రశ్న: మా బావగారు డాలస్ నుంచి వచ్చినప్పుడు తన పాత నూక్ కలర్ ఇచ్చి వెళ్లారు. మెమరీ కార్డు పెడితే ఇది పూర్తి ట్యాబ్లెట్ అయిపోతుందని మా ఆఫీసులో ఒకాయన అంటున్నాడు. నిజమేనా? ఉన్నది కాస్తా పాడవుతుందేమోనని భయం. మా నాన్నగారు తెలుగు పేపర్లు చదువుకుంటారని నా ఆశ.
— ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిజమేగానీ కాస్త పాతబడిన నిజం.

అమెరికాలో బార్న్స్ అండ్ నోబుల్ వాళ్లు 2010 చివర్లో దీన్ని 249 డాలర్లకు అమ్మారు. అప్పటి లెక్కన మనకు పదకొండు వేలు. అదే ఏడు వచ్చిన ఐప్యాడ్ 499 డాలర్ల నుంచి మొదలు. నూక్ పేరుకి పుస్తకాలు చదివేదే, లోపల ఉన్నది మాత్రం ఆండ్రాయిడ్. ఏడంగుళాల రంగుల తెర, 512 ఎంబీ ర్యామ్. బ్లూటూత్ చిప్ కూడా ఉంది, కంపెనీ దాని ఊసే ఎత్తలేదు! సగం ధరకే ట్యాబ్లెట్ అని కుర్రాళ్లు ఎగబడ్డారంటే ఎగబడరూ?

మీ భయం అక్కర్లేదు. ఆన్ చేయగానే ఈ నూక్ ముందు కార్డులోకి తొంగి చూస్తుంది. అక్కడ సిస్టమ్ ఉంటే దానితో లేస్తుంది, లేకపోతే తన సొంతదానితో. అద్దింట్లో గోడకి మేకు కొట్టకుండా క్యాలెండర్ తగిలించుకోవడం లాంటిది. కార్డు పీకేస్తే మళ్లీ బావగారి నూకే.

అప్పట్లో అందరూ వేసుకున్నది సయనోజెన్‌మాడ్ 7, అంటే ఆండ్రాయిడ్ 2.3. ఆ ఇమేజ్ ఫైలుని కార్డు మీదకి కాపీ చేస్తే చాలదు, విన్32 డిస్క్ ఇమేజర్ లాంటి ప్రోగ్రాంతో 'రాయాలి'. ఈ తేడా తెలియక నేనొక సాయంత్రమంతా ఆన్, ఆఫ్ చేస్తూ కూర్చున్నాను. ఇంకో విచిత్రం: ఖరీదైన క్లాస్ 10 కార్డుల్లో కొన్నిటికన్నా క్లాస్ 4 కార్డే చురుగ్గా నడిచేది. పెద్ద పెద్ద వీడియోలు రాయడం వేరు, సిస్టమ్ అడిగే చిల్లర పనులు వేరు.

ఇక నాన్నగారి సంగతి. ఆండ్రాయిడ్ 2.3లో తెలుగు అక్షరాలే లేవు, వరసగా డబ్బాలు కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఒపేరా మినీలో ఒక సెట్టింగ్ మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకుని చదివేవాళ్లం. ఇప్పుడు అంత పాత బ్రౌజర్లకు చాలా సైట్లు తలుపే తీయవు. సరదాకైతే చేసి చూడండి, ఆయన కోసమైతే వద్దు. కంప్యూటర్ నుంచి తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు అందులో వేసివ్వండి, హాయిగా చదువుకుంటారు. ఒక్కటి, దీని ఛార్జింగ్ కేబుల్ ప్రత్యేకం. మామూలు మైక్రో యూఎస్‌బీతో నత్తనడకన ఎక్కుతుంది. ముందు బావగారికి ఫోన్ చేసి అసలు కేబుల్ ఉందేమో కనుక్కోండి.

ప్రశ్న: నా కిండిల్‌ని కూడా ఇలాగే మార్చుకోవచ్చా?
— ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: కిండిల్‌లో ఆండ్రాయిడ్ లేదమ్మా, లినక్స్ ఉంది. కొన్ని వెర్షన్లలో తాళం తీసి కేఓరీడర్ వేసుకుంటారు, ఈపబ్, పీడీఎఫ్ బాగా చదవొచ్చు. కానీ అది ఈ-ఇంక్ తెర. పేజీ తిప్పితేనే ఒక్కోసారి నల్లగా మెరిసి తేరుకుంటుంది, దాని మీద సినిమా ఏం చూస్తారు?